భద్రం గారి నిద్రపోని కారు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, తొలకరి చినుకులు పడే రోజుల్లో, నన్ను రాజమండ్రి వర్క్‌షాపుకి వర్క్స్ మేనేజరుగా వేశారు. అంతకు ముందు పదకొండేళ్లు కాకినాడలో సర్వీస్ అడ్వైజరుగా చేశాను. సర్వీస్ అడ్వైజరంటే కస్టమరుకి ఎదురెళ్లి, కుర్చీ వేసి, బండికేమైందో విని జాబ్ కార్డు మీద రాసుకునే మనిషి. చేతికి గ్రీజు అంటదు. వర్క్స్ మేనేజరంటే ఆ అడ్వైజర్లు రాసినవాటికీ, మెకానిక్కులు చేసినవాటికీ సంతకం పెట్టి, ఏది తేడా వచ్చినా తిట్లు తినే మనిషి. రిటైరవడానికి పదినెలలు ఉండగా నాకు ఆ గౌరవం దక్కింది.

మాది పెద్ద విదేశీ కార్లు చూసే వర్క్‌షాపు. జాబ్ కార్డు విషయంలో మాకొక గట్టి నిబంధన ఉండేది. మొదటి గడిలో కస్టమరు చెప్పిన మాటని చెప్పినట్టే రాయాలి, మన తెలివి కలపకూడదు. ఆ గడి మా జిల్లాల్లో చదవడానికి భలేగా ఉండేది. ఇక్కడ ఎవరూ బండి పాడైందని చెప్పరు. బండి అలిగిందంటారు, అంటే స్టార్టవడం లేదు. దగ్గుతోందంటారు, అంటే ఇంజనులో ఒక సిలిండరు సరిగ్గా మండడం లేదు. నసుగుతోందంటే గేర్లు మారడానికి ఆలోచిస్తున్నాయని. పైగా ఇదంతా ఎంతో మర్యాదగా, మన మనసు నొచ్చుకుంటుందేమో అన్నట్టు చెబుతారు.

నేను చేరిన రెండో వారంలో భద్రం గారి కారు వచ్చింది. వచ్చిందంటే తనంతట తాను రాలేదు, లారీ ఎక్కి వచ్చింది. భద్రం గారిది నరసాపురం దగ్గర కాలువ గట్టునున్న ఊరు. కొబ్బరి వ్యాపారం. అరవై దాటిన మనిషి, మడత నలగని తెల్ల చొక్కా, నిదానమైన మాట. కారు నల్లటి పొడుగాటి సెడాన్. హైదరాబాదులో ఎవరో పెద్దమనిషి కొత్తలో వాడుకుని వదిలేస్తే, ఈయన ముచ్చటపడి కొనుక్కున్నారు. అప్పటికి దానికి పదిహేనేళ్లు పైబడ్డాయి. అలాంటి కార్లు ఆ వయసులో చేసే అల్లరంతా అది ఒంటిచేత్తో చేస్తోంది.

ఆయన చెప్పినవి అడ్వైజరు రాసుకున్నాడు. "ఎడం పక్క కూలబడిపోతందండి" అన్నారు. ఈ కార్లకి స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. అవి బీటలిస్తే తెల్లారేసరికి కారు ఒక పక్కకి కూర్చుంటుంది. "వానొస్తే కాళ్ల కింద చెరువండి" అన్నారు. పైకప్పు అద్దం చుట్టూ పడిన నీళ్లు సన్నటి గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఆ గొట్టాల నిండా కొబ్బరి పీచు. వెనక అద్దం దిగితే ఎక్కడం లేదు, అది వేలెడంత ప్లాస్టిక్ ముక్క విరిగినందుకు. అద్దం ఎక్కించే మోటారు మాత్రం పాపం బాగానే తిరుగుతోంది. ఎదురు మీటరులో అక్షరాలు చెరిగిపోయాయన్నారు. నిజంగానే సగం చెరిగాయి. కుడివైపు సైడు మిర్రరుకి ఏదో తగిలిందన్నారు. ఏం తగిలిందో చెప్పలేదు, మేమూ అడగలేదు. చివరగా రెండు మాటలు చెప్పారు. ఒకటి, "లైట్లు మసగ్గా ఉంటన్నాయండి." రెండోది, "రెండు రోజులు నిలబెడితే మూడోరోజు పొద్దున్నే అలిగేత్తందండి."

లైట్ల సంగతి చిన్న పని. పాత కార్లకి ముందు లైట్ల ప్లాస్టిక్ పచ్చబడుతుంది. పాలిష్ పట్టించాం. కారు అలగడమే మా ప్రాణం తీసింది.

మొదటిసారి బ్యాటరీ మార్చాం. అది ఎలాగూ ముసలిదే. పదిరోజులకి కారు మళ్లీ లారీ ఎక్కి వచ్చింది. రెండోసారి డిక్కీ లాకులో చిన్న స్విచ్చి పాడైతే లోపల బల్బు వెలుగుతూనే ఉండిపోతుందని కనిపెట్టి, అది మార్చి, ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం. రెండు వారాలకి మళ్లీ లారీ. మూడోసారి పాటల పెట్టెకి శబ్దం పెంచే యూనిట్ విప్పి, ఆ తీగలన్నీ వెతికాం. ఆ మూడుసార్లూ భద్రం గారు, "మీ పని బాగుందండి, అలగడం ఒక్కటే మానలేదు" అన్నారు. మూడుసార్లూ లైట్లు మసకన్నారు. రెండోసారి బల్బులు కూడా మార్చేశాం. మూడోసారి మా అడ్వైజరు ఆ మాట రాసి, ఈయనకి ఇదొక అలవాటన్నట్టు కింద గీత గీశాడు. నేను సంతకం పెట్టాను.

ఒకే కంప్లయింటుతో మళ్లీ వచ్చే బండిని మేం రిపీట్ జాబ్ అంటాం. మూడుసార్ల దాకా మా లెక్కలోనే ఉంటుంది. నాలుగోసారి వస్తే కాగితం రీజనల్ ఆఫీసుకి పోతుంది, వర్క్స్ మేనేజరుకి మెమో వస్తుంది. నా సర్వీసులో అప్పటికి ఒక్క మెమో కూడా లేదు. ఆ సంగతి ఇంట్లో వారానికోసారైనా చెప్పుకునేవాణ్ణి. మా ఆవిడ మొదట్లో మెచ్చుకునేది, తర్వాత్తర్వాత కూర కలుపుతూ ఊరుకునేది. రిటైర్మెంట్ రోజున వేదిక మీద ఆ మాట చెప్పాలని నాకు చాలా ఆశ.

అసలు చిక్కేమిటంటే, కారు మా దగ్గర బుద్ధిగా ఉండేది. ఈ కార్లకి తాళం వేసి వదిలేస్తే, లోపలి చిన్న చిన్న కంప్యూటర్లు ఒక్కొక్కటిగా ఆగిపోయి, అరగంటలో అంతా నిద్రపోవాలి. బ్యాటరీ తీగకి అమ్మీటరు తగిలించి చూస్తే, వాడకం తగ్గి తగ్గి దాదాపు సున్నాకి వచ్చి నిలబడుతుంది. నిలబడకపోతే ఏదో మేలుకుని బ్యాటరీని తాగుతోందని అర్థం. మా షెడ్డులో ఎన్నిసార్లు చూసినా ఇరవై నిమిషాల్లో సున్నా. మా ఎలక్ట్రీషియన్ నూకరాజు పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు. వాడే తల గోక్కుని, "మన దగ్గర గుర్రెట్టి పడుకుంటందండి. ఇంటికెళ్తేనే నిద్దర పట్టట్లేదు దీనికి" అన్నాడు.

అయితే ఇంటికే వెళ్లి చూద్దామన్నాను. కారు మళ్లీ అలిగిందని అప్పటికే ఫోను వచ్చింది, నాలుగోసారి లారీ ఎక్కకముందే తేల్చేయాలి. నూకరాజూ నేనూ అమ్మీటరు పట్టుకుని పొద్దున్నే బయలుదేరాం.

భద్రం గారు అప్పటికే ఆటోలో కొబ్బరి డిపోకి వెళ్లిపోయారు. ఆయన తల్లి మహాలక్ష్మమ్మ గారు ఎదురొచ్చారు. ఎనభై నాలుగేళ్లావిడ, నడుం వంగలేదు. ఇడ్లీలు తినందే కారు తలుపు ముట్టుకోనివ్వలేదు. తిన్నాక పోర్టికోలో కారు బ్యాటరీకి ఛార్జి ఎక్కించి, భద్రం గారు ఉంచి వెళ్లిన తాళంతో మూసి, దాన్ని దూరంగా గేటు మీద ఉంచి, అమ్మీటరు పెట్టి కూర్చున్నాం. ఇరవై నిమిషాల్లో ముల్లు సున్నాకి వచ్చేసింది. ఇంకో అరగంట చూశాం. కదల్లేదు.

నాకు ఉత్సాహం వచ్చేసింది. ఇంటి దగ్గర కూడా నిద్రపోతోంది కదా, ఇక గొడవ తీరిందనుకుని, లోపలికెళ్లి మహాలక్ష్మమ్మ గారికి గొప్పగా చెప్పాను. "బండి బాగైపోయిందమ్మా. ఇక రోజూ అబ్బాయిగారు భేషుగ్గా తోలుకోవచ్చు" అన్నాను.

"సంతోషం నాయనా" అని ఆవిడ దేవుడి గదిలోకి వెళ్లారు. దేవుడికి చెప్పుకోవడానికి వెళ్లారనుకున్నాను.

నేను బయటికి వచ్చేసరికి నూకరాజు మీటరు వైపు గుడ్లప్పగించి చూస్తున్నాడు. ముల్లు లేచి కూర్చుంది. కారుని ఎవరూ ముట్టుకోలేదు, పిల్లి కూడా దరిదాపుల్లో లేదు. పది నిమిషాలు చూశాం, దిగలేదు. పోర్టికోకి ఒక పక్క గోడ దేవుడి గదిదే. దానికి చిన్న కిటికీ. అందులోంచి తొంగిచూశాను. గోడ పక్క గూట్లో పట్టిసీమ వీరభద్రుడి పటం, పటం ముందు పసుపు రాసి కుంకుమ పెట్టి, మందారపువ్వు తురిమిన కారు తాళం. అది ఇందాకటిదాకా గదిలో అవతలి పక్క పీట మీద ఉంది. నేను లోపలికెళ్లినప్పుడు కంట పడింది, ఏదో పాత తాళం అనుకున్నాను.

ఈ కార్లకి తాళం బెజ్జంలో పెట్టి తిప్పక్కర్లేదు. జేబులో ఉంటే చాలు, దగ్గరికి రాగానే కారు పసిగడుతుంది. తాళం మరీ దగ్గర్లోనే ఉండిపోతే కొన్ని కార్లు యజమాని వచ్చాడు, వచ్చాడు అనుకుంటూ నిద్రపోకుండా కూర్చుంటాయి. రెండు రోజులు అలా ఎదురుచూస్తే పాత కారు బ్యాటరీకి ఏం మిగలదు. రెండో తాళం ఉందా అని మేం భద్రం గారిని మొదటిసారే అడిగాం. ఒకటేనండి అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. కారు కొన్న రోజున పూజ చేయించి, రెండో తాళాన్ని దేవుడి పాదాల దగ్గర పెట్టేశారు. దేవుడికిచ్చింది ఇక తనది కాదు కాబట్టి ఆయన లెక్కలో ఉన్నది ఒక్కటే. ఈ లెక్క మా కంపెనీ మాన్యువల్లో ఎక్కడా లేదు.

నా సంబరం చెప్పనలవి కాదు. మెమో తప్పింది. మహాలక్ష్మమ్మ గారి దగ్గరికెళ్లి, ఆ తాళాన్ని అవతలి పీట మీదే ఉంచండమ్మా, గోడ పక్కకి తెస్తే కారు పాడవుతోంది అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఆ సంగతి నాకెప్పుడో తెలుసు నాయనా" అన్నారు.

ఆవిడ నింపాదిగా చెప్పారు. కిందటేడు గదికి సున్నం వేసినప్పుడు దేవుణ్ణి పీట మీంచి గూట్లోకి మార్చారట. మూడోరోజు కారు కదల్లేదు. మళ్లీ పీట మీద పెడితే కదిలింది. ఇంకోసారి మార్చి చూశారు. మళ్లీ అలిగింది. నాలుగైదుసార్లు సరిచూసుకుని, వీరభద్రుడు ఆ వైపు ఉంటే కారు వెళ్లనివ్వడం లేదని నిర్ధారణకొచ్చారు. మేం అమ్మీటర్లూ కంప్యూటర్లూ పెట్టి మూడుసార్లు తేల్చలేనిది, ఆవిడ ఒక పటాన్ని అటూ ఇటూ జరిపి తేల్చేశారు. పక్కనే ఉన్న నూకరాజు నా మొహం చూసి గుమ్మం వైపు తిరిగి నవ్వుకున్నాడు.

తెలిసీ ఎందుకమ్మా పెట్టడం అని అడిగాను. ఆవిడ గొంతు తగ్గించారు.

"కారుకి అన్నీ చూశారు గదా, తోలేవోడి కళ్లు చూశారా? శుక్లాలు ముదిరిపోయినియ్యి వాడికి. మొన్న పక్కింటోళ్ల దూడని చూసి మన కుక్కెందుకు బయటికొచ్చిందే అని అడిగాడు. ఎదురుగా ఇంకో బండి లైటు పడితే గట్టేదో నీళ్లేవో తెలీడం లేదు. ఆ పక్క అద్దం ఊరికే విరిగిందనుకున్నావా? తాటిచెట్టుకి రాసుకుని ఆగింది. ఆ చెట్టు లేకపోతే కాలవలోకే. కంట్లో కత్తి పెట్టనివ్వడు, డ్రైవర్ని పెట్టుకోడు. పొద్దుగూకాక డిపో నుంచి గట్టు మీద తనే తోలుకొస్తాడు."

దేవుడి గూటి వైపు చూపించి, "తాళం వల్లని రాయకు నాయనా. వాడు దాన్ని తీయించేస్తాడు. ఆ తర్వాత వాణ్ణి ఆపడానికి నా చేతిలో ఇంకేం లేదు" అన్నారు.

నాకు సిగ్గేసింది. మూడు జాబ్ కార్డుల మీద ఆయన తన జబ్బు తనే చెప్పుకున్నారు, మేం దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకుని కారుకి పాలిష్ పట్టాం. లైట్లు మసగ్గా ఉన్నాయన్న మాట కింద గీత గీసిన కాగితం మీద సంతకం నాదే. మీటరు అక్షరాల్లో సగం నిజంగానే చెరిగాయి కానీ, మిగతా సగం ఎవరికి చెరిగాయో అప్పుడు అర్థమైంది. ఆ కారుని ఆ రోజు పూర్తిగా బాగుచేసి ఉంటే, ఆయన్ని కాలవలోకి పంపే పని నా చేత్తోనే అయ్యేది.

సాయంత్రం భద్రం గారికి ఫోను చేసి, తప్పు దొరకలేదండి, బండిని రాజమండ్రి తెచ్చుకోవాలి అని అబద్ధం చెప్పాను. అంటే నాలుగోసారి. నూకరాజు, "మెమో వచ్చేత్తదండి మీకు" అని గుర్తు చేశాడు. రానివ్వరా అన్నాను. నోటితో అన్నంత ధైర్యం లోపల లేదు.

ఆ మర్నాడు కారుని నేనే తోలాను. పక్కన భద్రం గారు, వెనక మహాలక్ష్మమ్మ గారు. రాజమండ్రి చూసి చాన్నాళ్లైంది, నేనూ వస్తానని ఆవిడ ఎక్కేశారు. దారంతా కిటికీలోంచి షాపుల బోర్డులు చదువుకుంటూ వచ్చారు.

వర్క్‌షాపు చేరాక భద్రం గారికి కొత్త నిబంధన ఒకటి చెప్పాను. లైట్ల గురించి ఒకే మాట మూడుసార్లు చెబితే, కంపెనీ వాళ్లు యజమాని ఎదుట టెస్టు చేయమన్నారన్నాను. అలాంటి నిబంధన లేదు. ముందురోజు కాఫీ తాగుతూ నేనే పుట్టించాను. నూకరాజు ఎంతో గంభీరంగా నేల మీద సుద్దతో గీత గీసి, ఆయన్ని దాని మీద నిలబెట్టాడు. ఆవరణ చివర, గోడ పక్కన మా డెలివరీ వ్యాను ఉంది. ముందు మామూలు వెలుతురులో ఆ వ్యాను నంబరు చదవండి, ఆ తర్వాత లైట్ల వెలుతురులో చదివితే తేడా రాసుకుంటాం అన్నాను.

భద్రం గారు కళ్లు చికిలించారు. ఒకడుగు ముందుకేయబోతే నూకరాజు గీత చూపించాడు.

"ఆ వ్యానుకి నంబరు ప్లేటే లేదు కదండీ" అన్నారు.

నూకరాజు గట్టిగా నంబరు చదివాడు. భద్రం గారు నవ్వి, "రోజూ చూసే బండి గదా, నీకు నోటికొచ్చు" అన్నారు. న్యాయమైన మాటే. అంతలో కారు వెనక అద్దం కిందికి దిగింది. మేం బాగు చేసిన అద్దమే అది, చక్కగా దిగింది. మహాలక్ష్మమ్మ గారు తల బయటపెట్టి, వ్యాను నంబరు మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా చదివేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న పెయింటరు పేరు కూడా చదివారు.

"నాకు పదేళ్ల కిందటే తీశారు శుక్లాలు. చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు. నీకు భయమైతే పక్కన నేను కూర్చుంటాను రా" అన్నారు.

భద్రం గారు ఆ గీత మీదే కాసేపు నిలబడ్డారు. తర్వాత నా దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, "ఆయ్, అయితే లైట్లు మార్చక్కర్లేదన్నమాట" అన్నారు. అక్కర్లేదండి అన్నాను.

అప్పటికప్పుడు కారు తాళం నా చేతిలో పెట్టి, తల్లితో బస్సెక్కి వెళ్లిపోయారు. నెలలోపే రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది. ఈలోగా రీజనల్ ఆఫీసు నుంచి నా మెమో కూడా వచ్చింది. మా ఆవిడ దాన్ని చదివి, ఫ్రేము కట్టించమంటారా అని అడిగింది.

కారు తీసుకెళ్లడానికి వచ్చిన రోజున భద్రం గారు నల్ల కళ్లద్దాలతో దిగారు. కారు చుట్టూ ఒకసారి తిరిగారు, అద్దాలు తీసి మరోసారి తిరిగారు. తొలిసారి ఆయన గొంతు పెరగడం విన్నాను. "ఏంటండీ ఈ గీతలు? తలుపు మీద సొట్టేంటి? సీటు తోలు ఇలా పగిలిపోయిందేంటి? నేనిచ్చినప్పుడు అద్దంలా ఉందండి నా బండి!" ఆయన సొట్టలు లెక్కపెట్టారు. మొదటిసారి కారు వచ్చినప్పుడు తీసిన ఫొటోలు చూపించాల్సి వచ్చింది. ఒక్కో ఫొటోని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు. "ఇన్నాళ్లూ దీన్నేనా నేను ఊరంతా తిప్పింది" అని, కాసేపటికి తనే నవ్వేశారు.

తాళం సంగతి కూడా అప్పుడే చెప్పాను. దేవుడి ముందు నుంచి తీయక్కర్లేదు, బిగుతు మూతున్న లోహపు పెట్టెలో పెడితే కారుకి దాని జాడ తెలియదన్నాను. ఆ మాట విని ఇంటి దగ్గర మహాలక్ష్మమ్మ గారు తన వెండి కుంకుమ భరిణె ఖాళీ చేసిచ్చారట. కారు మళ్లీ అలగలేదు. భద్రం గారు ఎప్పుడైనా ఆలస్యంగా వస్తానంటే, భరిణె మూత తీయడం నా చేతిలోనే ఉంది సుమా అని ఆవిడ గుర్తుచేస్తారట.

జాబ్ కార్డు మూసేటప్పుడు బ్యాటరీ గురించి ఉన్నదున్నట్టు రాశాను. లైట్ల కంప్లయింటు ఎదుట, "లోపం కారులో లేదు. సరిచేయబడింది" అని రాసి సంతకం చేశాను. కారులో లేని లోపాన్ని ఎలా సరిచేశారని రీజనల్ ఆఫీసు రెండుసార్లు అడిగింది. రిటైరయ్యే రోజు దాకా జవాబివ్వలేదు.

ఆ కారు వల్ల నేను నేర్చుకున్నది ఒకటే. కస్టమరు మాటని చెప్పినట్టు రాసుకోవడం సగం పని. ఆ మాట బండి గురించి చెబుతున్నారా, తమ గురించి చెబుతున్నారా అని చూడటం మిగతా సగం. ఆ తర్వాత మిగిలిన నెలల్లో లైట్లు మసకన్న ప్రతి కస్టమరునీ ముందు వయసు అడిగాను.

ఈ మధ్య మా వీధి దీపాలు కూడా మసగ్గా ఉంటున్నాయి. మునిసిపాలిటీకి గట్టిగా ఒక ఉత్తరం రాసి, కవరులో పెట్టబోయి ఆగాను. సోమవారం కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.